నలభై ఒక్క జతలు

ఆ శనివారం మధ్యాహ్నం ఇంట్లో ఉన్నది నలుగురు. పొయ్యి దగ్గర నాయనమ్మ ఎల్‌ఫ్రీడా. బల్ల దగ్గర రెండో కప్పు కాఫీతో పొరుగింటి ఫ్లోరీన్. కిటికీ పక్కన ఎత్తు పీట మీద, ఒళ్లో డైరీ పెట్టుకుని డెల్లా. బూట్ల కొట్టుకూ ఇంటికీ మధ్యనున్న గుమ్మంలో, చేతిలో కవరుతో డెల్లా నాన్న క్లెమెంట్. తల్లి ఆడా వృద్ధాశ్రమంలో డ్యూటీకి వెళ్లింది. సాయంత్రం దాకా రాదు. ఆమె ఇంట్లో ఉండి ఉంటే కథ మరోలా నడిచేదా అని డెల్లా ఆ తర్వాత చాలాసార్లు ఆలోచించింది. నడిచేది కాదు.

పోయిన వారం మనం వాళ్లను వదిలిపెట్టింది ఆ కవరు దగ్గరే. నాయనమ్మ పేరున రాబోయే ఆ కవరును నాన్న కంట పడకుండా అందుకోవాలని డెల్లా తొమ్మిది రోజులు పోస్టాఫీసు చుట్టూ తిరిగింది. పదో రోజు మంచుగాలికి ఎదురీదుకుంటూ వెళ్లేసరికి అక్కడి వాళ్ల ఉత్తరాల పెట్టె ఖాళీగా ఉంది. "మీ నాన్న ఇప్పుడే వచ్చి వెళ్లాడే తల్లీ. ఎవరి పేరైతేనేం, ఒకే ఇల్లు కదా అని అన్నీ ఇచ్చేశా" అంది పోస్టాఫీసు బెర్నీస్. ఆరువందల గడప ఉన్న హోల్డెన్‌లో ఉత్తరాల సంగతి అంతే. డెల్లా పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చి పీట మీద కూర్చుంది. డైరీ తెరిచింది. ఒక్క అక్షరం రాయలేదు.

నాన్న మొహం వంక చూసింది. ఆయన కోపంగా లేడు. నవ్వుతున్నాడు.

"అమ్మా, ఇటు చూడు. వచ్చింది! ఊళ్లో మొట్టమొదటిది మనింటికే వచ్చింది!"

కవరు మీద పెద్ద అక్షరాలతో, లోపల ముఖ్యమైన పన్ను పత్రం ఉందని అచ్చు వేసి ఉంది. దాని కింద ఎల్‌ఫ్రీడా షెఫర్ట్ అని నాయనమ్మ పేరు. నాయనమ్మ పొయ్యివైపు తిరిగి, ఉడుకుతున్న క్యాబేజీని అవసరం లేకపోయినా కలపసాగింది.

"ఏమిటది, లాటరీనా?" అంది ఫ్లోరీన్.

"లాటరీ కన్నా ఎక్కువ. ఎనిమిదేళ్ల క్రితం ఈ చట్టం కావాలని రాజధాని డెన్వర్ వెళ్లి మాట్లాడాం, నేనూ ఇనుప కొట్టు ఆర్విన్ గీసిక్కూ. ఆర్విన్ టై కట్టుకోవడం ఆ ఒక్కరోజే చూశాను. ఇన్నేళ్లూ కోర్టుల్లో నలిగి నలిగి ఇప్పటికి గడప తొక్కింది."

"నాకు పన్నుల సంగతి చెప్పకు క్లెమ్. తిన్నది అరగదు."

"అరుగుతుంది, విను. నా కొట్లో నువ్వు వంద డాలర్ల బూట్లు కొన్నావనుకో. రాష్ట్రానికీ, జిల్లాకీ, ఊరికీ కలిపి ఏడు డాలర్లు నీ దగ్గర వసూలు చేసి నేను కట్టాలి. ఒక్క నెల కట్టకపోతే కొట్టుకు తాళం వేస్తారు. అదే, ఎక్కడో వేరే రాష్ట్రంలో కూర్చుని కంప్యూటర్లో అమ్మేవాడున్నాడు. వాడికి ఇక్కడ గోడా లేదు, గుమ్మమూ లేదు. కాబట్టి వాడు వసూలు చెయ్యక్కర్లేదు."

"అదృష్టవంతుడు."

"కొన్నవాళ్లకు మాత్రం మాఫీ లేదు. ఆ ఏడు డాలర్లూ వాళ్లంతట వాళ్లే రాసుకెళ్లి కట్టాలి."

"ఎవరు కడతారయ్యా!"

"ఎవరూ కట్టరు. అందుకే ఈ కవరు. సంవత్సరానికోసారి అమ్మినవాడే చిట్టా రాసి పంపాలి, ఫలానా రోజుల్లో ఇంతకు కొన్నావు, పన్ను నీ నెత్తిన ఉంది అని. పేరూ మొత్తమూ డెన్వర్‌లో పన్నుల శాఖకు కూడా పంపాలి. ఐదొందలు దాటితేనే వస్తుందిది. ఏం కొన్నావమ్మా, బంగారు కుట్టుమిషనా?" అని తల్లి భుజం మీద చెయ్యి వేశాడు. "మంగళవారం డెన్వర్లో వర్తకుల సభలో దీన్నే పైకెత్తి చూపిస్తా. మా అమ్మే మొదటి దొంగ అని చెప్తా. నవ్వకుండా ఎవడుంటాడో చూస్తా."

డెల్లా వేలిగోరుతో డైరీ అట్టను గీరుతూ కూర్చుంది. పోయిన ఎండాకాలం నాన్న ఆమెతో ఒక మాటన్నాడు. చదువు అయిపోగానే కొట్టు బోర్డు మీద షెఫర్ట్ అన్న పేరు పక్కన 'కూతురు' అని కూడా రాయిస్తానన్నాడు. తరగతికి పదకొండు మందే ఉన్న పల్లె బడిలో చదువుతూ, ఆ పదకొండు మందిలో కూడా చివరి బెంచీ వెతుక్కున్న పిల్లకు భూమ్మీద సిగ్గు వెయ్యని చోటు ఒక్కటే ఉంది. అది ఆ కొట్టు. బూట్లు కొనడానికి వచ్చినవాళ్లు కాళ్లు చూసుకుంటారు, అమ్మేవాళ్ల మొహం చూడరు. ఆ చోటు ఇప్పుడు నాన్న చేతిలోని కవరులో ఉంది.

"తర్వాత చూద్దువులే, తిండి చల్లారిపోతుంది" అంది నాయనమ్మ.

"నీ ఉత్తరం నువ్వే తెరువమ్మా."

"నా కళ్లద్దాలు లేవు."

"నెత్తి మీదున్నాయి" అన్నాడాయన నవ్వుతూనే, కవరు చించుతూ.

మొదటి కాగితం చదివాడు. రెండోది తిప్పాడు. ఆ తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నవ్వు మొహం మీద అలాగే ఉంది గానీ, దాని వెనకాల మనిషి లేడు.

"పాదరక్షలు" అని చదివాడు. "మార్చి ఎనిమిది, పాదరక్షలు. మార్చి పదిహేను, పాదరక్షలు, పాదరక్షలు. మార్చి ఇరవై రెండు…" వేలితో ఒక్కొక్క వరుసా దిగుతూ పోయాడు. "అన్నీ బుధవారాలే."

బుధవారం సాయంత్రాలు, బడి వదిలే వేళకు, చర్చి ఆడవాళ్లు ఈ వంటగదిలోనే దుప్పట్లు కుడతారు. అప్పుడు నాన్న చక్కెర దుంపల మిల్లులో ఉంటాడు. పనివాళ్లకు బూట్లు అమ్మడానికి బండి వేసుకుని వెళ్తాడు.

ఫ్లోరీన్ చప్పుడు కాకుండా రెండు కాళ్లూ కుర్చీ కిందికి లాక్కుంది. ఆమె కాళ్లకు ఊదారంగు బూట్లున్నాయి. వాటిని తుడిచి తుడిచి మెరిపిస్తుంది. డెన్వర్లో మా చెల్లెలు కొనిపెట్టిందని ఊరంతా చెప్పుకుంది.

"నలభై ఒక్క జతలు" అన్నాడు నాన్న. "అమ్మా, నీకున్నవి రెండు కాళ్లు."

"మిషనరీ వాళ్లకురా" అంది నాయనమ్మ గబగబా. "పేదపిల్లలకు. చర్చి తరఫున పంపాం. నీకు చెబితే నీ కొట్లో సరుకు ఊరికే ఇచ్చేస్తావని చెప్పలేదు."

"అవునవును, పేదపిల్లలకే" అని ఫ్లోరీన్ అందుకుంది. "పాపం, చూస్తే కడుపు తరుక్కుపోతుంది క్లెమ్. కొందరికి మేజోళ్లు కూడా లేవు."

నాన్న వాళ్లిద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆయన నమ్మాలనుకుంటున్నాడని డెల్లాకు తెలిసిపోయింది. కవరు మడిచి పక్కన పెట్టాడు కూడా. రొట్టె మధ్యలో క్యాబేజీ, మాంసం కూరి కాల్చిన క్రౌట్‌బర్గర్ ఒకటి ప్లేటులోకి తీసుకున్నాడు. ఒక్క ముద్ద కొరికాడు. నమలడం ఆపేశాడు.

కాగితాలు మళ్లీ తెరిచాడు. ఈసారి మాటలు చదవలేదు, అంకెల వరుస ఒక్కటే చూసుకుంటూ పోయాడు, పై నుంచి కిందికి, కింది నుంచి పైకి.

"ఒక్కటీ తిరిగి పోలేదు" అన్నాడు.

"ఏంటీ?" అంది ఫ్లోరీన్.

"తిరిగి పంపితే డబ్బు వెనక్కి ఇచ్చినట్టు ఇక్కడ పడాలి. ఒక్కటీ లేదు. నేను ముప్ఫై ఏళ్లుగా బూట్లు అమ్ముతున్నా ఫ్లోరీన్. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, కాలు చేత్తో పట్టుకుని ఇచ్చినా పదింట్లో రెండు వెనక్కొస్తాయి. వేలు నొక్కిందనో, మడమ జారిందనో. కంట చూడకుండా నలభై ఒక్క జతలు తెప్పించారు. నలభై ఒక్కటీ సరిపోయాయి." తల్లి వైపు తిరిగాడు. "పేదపిల్లల కాళ్లు ఎవరు కొలిచారమ్మా?"

నాయనమ్మ పొయ్యి ఆపింది. ఇంట్లో క్యాబేజీ ఉడికే చప్పుడు కూడా లేకుండా పోయింది.

కొట్లో కౌంటరు కింద ఒక కొయ్యపెట్టె ఉంది. డెల్లా తాతగారి కాలం నుంచి హోల్డెన్‌లో ప్రతి మనిషికీ అందులో ఒక అట్ట ఉంది. నాన్న మోకాళ్ల మీద కూర్చుని, కాలి కింద అట్ట పెట్టి, పెన్సిలుతో చుట్టూ గీస్తాడు. ఎడమ కాలు కుడికాలి కంటే పిసరు పెద్దదైతే రాస్తాడు. ఆనెకాయ ఎక్కడుందో గుర్తు పెడతాడు. మనిషి తన బరువు ఏ మడమ మీద వేసి నడుస్తాడో రాస్తాడు. బడులు తెరిచేముందు పిల్లలందరి కాళ్లూ ఊరికే కొలిచి ఆ అట్టలు మారుస్తాడు. మూడేళ్లుగా పాత అట్టలను కొత్తవాటి మీదికి ఎత్తి రాస్తున్నది డెల్లా ఒక్కతే. నాన్న అక్షరాలు ఇంకెవరికీ అర్థం కావు.

ఆయన ఆమె వైపు తిరగలేదు. బల్ల మీది ఉప్పు సీసాను చూస్తూ అడిగాడు.

"డెల్లా. అట్టలు చూసి చెప్పింది నువ్వేనా?"

ఆమె తల ఊపింది. ఆయన చూడలేదు కాబట్టి మళ్లీ ఊపింది. చివరికి నోరు పెగుల్చుకుని, "నేనే నాన్నా" అంది.

"కంప్యూటర్లో నొక్కింది?"

"అదీ నేనే."

"పిల్లదాన్ని అనకు" అంది నాయనమ్మ. "నాకు ఆ మీటలు తెలియవు కదా. నొక్కింది అది గానీ, కూర్చోబెట్టింది నేను." ఆమె గొంతు లేచింది. "అయినా ఏం తప్పు చేశామురా? నీ కొట్లో నూట ఇరవై పెట్టి కొనే బూట్లు అక్కడ తొంభైకి వస్తున్నాయి. పైన నువ్వు చెప్పే ఆ ఏడు డాలర్లూ లేవు. పోయినేడు దుంపలకు ఎవరికి గిట్టింది? వీళ్లంతా వట్టి కాళ్లతో తిరగాలా నీ గల్లాపెట్టె కోసం? విడివిడిగా తెప్పిస్తే రవాణా ఖర్చు పడుతుందని, అందరివీ కలిపి నా పేరున తెప్పించా. ఇరుగుపొరుగుకు సాయం చెయ్యడం మీ నాన్న దగ్గర నేర్చుకున్నా. తప్పా?"

"తప్పని నేనన్నానా? కాగితం అంటోంది." ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. "నీ పేరున తెప్పించావు కాబట్టి నలభై ఒక్క జతలకూ పన్ను కట్టనిది నువ్వు ఒక్కదానివే. నీ పేరూ మొత్తమూ డెన్వర్‌కు ఈపాటికి చేరిపోయాయి. పన్ను ఎగ్గొట్టేవాళ్ల పేర్లు పంపండని చట్టం తెచ్చింది నేను. హోల్డెన్ నుంచి వెళ్లిన మొదటి పేరు నాది. షెఫర్ట్."

నాయనమ్మ కుర్చీ అంచు పట్టుకుంది. "నలభై ఒక్కటికీ నేనా?"

"అందరం తలా ఇంత వేసుకుంటాం ఎల్‌ఫ్రీడా, దానికేముంది" అంది ఫ్లోరీన్.

"వేసుకోండి. ఎవరెవరో పేర్లు రాసి సంతకాలు పెట్టండి. నేనే తీసుకెళ్లి కడతా" అన్నాడు నాన్న.

ఫ్లోరీన్ కప్పు కింద పెట్టింది. "సంతకమా? సంతకం దేనికి? నావి ఒక్క జతేగా." ఆ మాట నోరు దాటాక గానీ ఏమన్నదో ఆమెకే తెలియలేదు. మెడ దాకా ఎర్రబడింది. లేచి కోటు తొడుక్కుంది. ఒక చెయ్యి లోపలికి పోలేదు, అలాగే వేలాడేసుకుంది. "పొయ్యి మీద పాలు పెట్టి వచ్చా" అని గొణిగి, ఊదారంగు బూట్లు ఎలా దాచుకోవాలో తెలియక అడ్డంగా నడుచుకుంటూ వెనక గుమ్మం లోంచి వెళ్లిపోయింది. ఎనిమిదేళ్లుగా ఆమె ఇంట్లో పాలు లేవు. ఆమెకు పాలు పడవు.

నాన్న నవ్వబోయాడు. రాలేదు.

"ఎందుకు డెల్లా?"

ఆ ప్రశ్నకు జవాబు డైరీలో ఉంది. పోయిన మార్చి ఎనిమిదో తారీకు పేజీలో. 'ఈ రోజు వాళ్లు నాకు కుర్చీ వేశారు' అని రాసుకుంది. పద్నాలుగు మంది ఆడవాళ్లు, సూదులు పక్కన పెట్టి, ఆమె వేళ్ల వంక చూస్తూ కూర్చున్నారు. మా బంగారు తల్లి అన్నారు. నువ్వు లేకపోతే మా గతేంటే అన్నారు. పదహారేళ్లుగా ఎవరూ ఆమె కోసం ఎదురుచూడలేదు. బుధవారం రాకపోతుందా అని ఆమె వారమంతా ఎదురుచూసేది. అట్టల్లోని కొలతలు నాన్నవని ఒక్కసారి కూడా అనిపించలేదు. అవి ఆ మనుషులవే కదా, వాళ్ల కాళ్లే కదా అనుకుంది.

"తెలీదు నాన్నా" అంది.

"ఊళ్లో జనం పక్కూరి పెద్ద కొట్లకు పోతున్నారనుకున్నా. ఇరవై మైళ్లు పోయి కొంటున్నారు, పోనీలే, నా దగ్గర రకాలు లేవు అనుకున్నా." కాగితాల అంచులు సరిచేశాడు. "పోయిన ఆగస్టులో రెండు రోజులు మోకాళ్లు లేవలేదు నాకు, పిల్లల కాళ్లు కొలిచి కొలిచి. ఒక్కరూ కొనలేదు. వచ్చే ఏడు కొంటారులే అని మీ అమ్మతో అన్నా. అందరూ నా గీతల మీదే కాళ్లు పెట్టుకుని నడుస్తున్నారు. నేనే చూసుకోలేదు."

"ఇంకెప్పుడూ తెప్పించం" అంది నాయనమ్మ. ఆ మాట ఆమెకే వినపడనంత మెల్లగా వచ్చింది.

"ఎందుకు మానడం? ఏప్రిల్ నుంచి ఊళ్లో మరో దారి ఉండదు." ఏప్రిల్లో కొట్టు అద్దె గడువు ముగుస్తుంది. మళ్లీ రాయించుకోవాలా వద్దా అని నాన్నా అమ్మా నెలరోజులుగా తగువు పడుతున్నారు. ఆ తగువు కొట్టు మూసెయ్యడం వైపే తేలిందని డెల్లాకు ఇప్పుడు తెలిసింది.

ఆమె లేచి వచ్చి డైరీ ఆయన ముందు పెట్టింది. ఎవరికి ఏ రోజు ఏ జత వచ్చిందో, ఎవరేం అన్నారో అంతా అందులో ఉంది. ఇంతవరకు ఆ డైరీ ఇంకెవరూ తెరవలేదు. ఆమె దగ్గర ఇవ్వడానికి ఇంకేమీ లేదు.

నాన్న డైరీని చూశాడు. ఒక వేలితో వెనక్కి నెట్టాడు.

"వద్దు. పేర్లు తెలిస్తే రేపు చర్చిలో ఎవరి మొహం చూడను? అందరి కాళ్ల వైపే చూస్తాను." గోడ గడియారం చూశాడు. ఒంటిగంట కావస్తోంది. "ఒంటిగంటకు ఆర్విన్ వస్తానన్నాడు. మంగళవారం ఎవరు ఏం మాట్లాడాలో అనుకోవడానికి. వాడు కూడా వాడి ఇనుప సామాన్ల కొట్టు ఇదే చావు చస్తోందని చెప్తాడు. ఇద్దరం కలిసి చెబితే వింటారు. నేనొక్కణ్ణే చెబితే, నీ ఊరే నీ దగ్గర కొనలేదు కదయ్యా అంటారు." అప్పుడు మొదటిసారి కూతురి కళ్లలోకి చూశాడు. "ఒక్క పేరు అడుగుతా. వాడు లేడని చెప్పు. చాలు. మిగతా ఊరంతా ఉండనీ."

కొట్టు ముందు తలుపు గంట గణగణమంది.

"క్లెమ్! ఉన్నావా? ఉపన్యాసం బట్టీ పట్టావా, లేక ఈసారి కూడా నన్నే మాట్లాడమంటావా?" ఆర్విన్ గొంతుకు కొట్టు అద్దాలు అదురుతాయి. మంచు దులుపుకోవడానికి రెండు కాళ్లూ నేలకేసి టపటపా కొడుతున్నాడు. బరువైన బూట్లు. చప్పుడు వింటేనే కొత్తవని తెలుస్తుంది.

అక్టోబరులో ఒక బుధవారం, ఆడవాళ్లంతా వెళ్లిపోయాక ఆర్విన్ ఒక్కడే వచ్చాడు. టోపీ చేత్తో పట్టుకుని వెనక గుమ్మంలోనే నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. "నా కొట్లోనూ ఏం మిగల్లేదమ్మా" అన్నాడు. "మీ నాన్ననడిగితే ఊరికే ఇచ్చేస్తాడు, డబ్బు పుచ్చుకోడు. అలా తీసుకోవడం కంటే ఇది నయం. వాడికి మాత్రం చెప్పకు తల్లీ." అంత పెద్ద మనిషి ఆమెను బతిమాలాడు. డెల్లా ఆయన అట్ట తీసి కొలత చూసింది. పదమూడు, వెడల్పు. బొటనవేలు పక్కన నాన్న రాసుకున్న మాట ఒకటి ఉంది. 'నొప్పి ఉన్నా చెప్పడు, అడగాలి.'

"డెల్లా" అన్నాడు నాన్న.

ఒక్క మాట. రెండు అక్షరాల మాట. తరగతిలో జవాబు తెలిసి కూడా చెయ్యి ఎత్తలేని పిల్లకు ఆ రెండు అక్షరాలు ఎక్కడి నుంచో తవ్వుకుని రావలసి వచ్చింది. కొట్లో ఆర్విన్ అడుగులు కౌంటరు దాకా వచ్చాయి, ఆగాయి. గడియారం చప్పుడు మూడుసార్లో నాలుగుసార్లో వినపడింది.

"లేడు" అంది. "లేడు నాన్నా."

ఆయన చాలా సేపు ఆమెను చూశాడు. ఆ చూపులో కోపం వెతికింది డెల్లా. దొరకలేదు.

"అబద్ధమైనా అడగ్గానే చెప్పాలమ్మాయ్" అన్నాడు మెల్లగా.

కాగితాలు నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కుర్చీ బల్ల కిందికి సర్దాడు. కొట్టువైపు నడిచి, "వస్తున్నా ఆర్విన్, కూర్చో" అన్నాడు, రోజూ అనే గొంతుతోనే.

"నాన్నా, ఆగు. నేనూ వస్తా." డెల్లా రెండడుగులు వేసింది.

గుమ్మంలో ఆయన వెనక్కి తిరిగాడు. ఆమె మొహం మీదే తలుపు వేశాడు. ఆ తలుపుకు అవతలి వైపు గడియ ఉందని డెల్లాకు ఆ రోజే తెలిసింది.